ఇద్దరూ మనవాళ్ళే



కొడుకులకు పెండ్లిళ్ళయ్యాయి. బిడ్డలు అత్తవారిండ్లకు వెళ్ళారు. మనుమలు బడికి పోతున్నారు. ఇక ఆ ఇంట్లో మిగిలిన పనేముంది, ముసలివాళ్ళిద్దరూ వాకిట్లో మంచం వేసుకొని చల్లగా కూర్చోవడమే గదా అనుకుంటాం. సరిగ్గా ఆ వయసులో "నేను ఇక ఈయనతో ఉండలేను" అని తల్లి తన బట్టలు మూట కట్టుకుంటే? లేదా తండ్రి కోర్టు కాగితం పంపిస్తే? ముప్పై అయిదేళ్ళ కొడుకు, ముప్పై ఏళ్ళ కూతురు అప్పుడు ఏం చేయాలి?

చిన్నపిల్లల సంగతి అయితే అందరూ ఆలోచిస్తారు. "పాపం, పిల్లలు చిన్నవాళ్ళు" అని కులపెద్దలు, గురువులు, పాలివాళ్ళు నచ్చజెపుతారు. పెద్ద పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. "వాళ్ళకేం, వాళ్ళ బతుకులు వాళ్ళకున్నాయి" అంటారు. కాని పుట్టినిల్లు రెండు ముక్కలయినప్పుడు కలిగే బాధకు వయసుతో పని లేదు. చిన్నవాడయితే ఏడుస్తాడు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పెద్దవాడు ఏడవలేడు, పైగా ఇద్దరి మధ్యా తీర్పు చెప్పమని వాడినే కూర్చోబెడతారు. ఈ వారం మన పాఠం ఆ పెద్ద పిల్లల గురించి.

ఇది పట్నం వాళ్ళ రోగం, మనకు లేదులే అనుకోకండి. అమెరికాలో యాభై ఏళ్ళు దాటినవారిలో విడాకుల రేటు 1990కి, 2010కి మధ్య దాదాపు రెండింతలయింది. జపానులో జీవితమంతా కంపెనీకి అంకితమయిన భర్త ఉద్యోగ విరమణ చేసి ఇంటికి వచ్చాక, భార్య విడిపోవడం ఎంత మామూలయిందంటే దానికొక ప్రత్యేకమైన పేరే పుట్టింది. 2007 నుంచి అక్కడ విడిపోయిన భార్యకు భర్త పింఛనులో భాగం పంచే చట్టం కూడా అమలులోకి వచ్చింది. జపాను భర్త దోషమేమిటి? తాగుబోతు కాదు, దుర్మార్గుడు కాదు. ఇంట్లో లేడు, అంతే. జీతం మాత్రమే ఇంటికి వచ్చింది, మనిషి రాలేదు.

ఈ మాట వింటే జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల వారికి ఏదో గుర్తుకు రావాలి.

1970ల తర్వాత మన ప్రాంతం నుంచి మగవాళ్ళు దుబాయి, మస్కటు, సౌదీ, బహ్రెయిను వెళ్ళడం మొదలయింది. ఇప్పటికీ ఆగలేదు. ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. ఇరవై అయిదేళ్ళ వయసులో పెండ్లి చేసుకొని గల్ఫుకు వెళ్ళినవాడు, రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తూ, యాభై అయిదేళ్ళకు శాశ్వతంగా తిరిగి వచ్చాడనుకుందాం. ముప్పై ఏళ్ళలో పదిహేను సెలవులు, అంటే ముప్పై నెలలు. ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళు కలిసి ఒక కప్పు కింద పడుకున్నది రెండున్నరేళ్ళు! ఆ రెండున్నరేళ్ళు కూడా చుట్టాలు, విందులు, అప్పుల లెక్కలు, సెంటు సీసాల పంపకాలతో గడిచిపోయినవే.

ఆమె మాత్రం ఈ ముప్పై ఏళ్ళూ ఖాళీగా కూర్చోలేదు. చాట ఒళ్ళో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీలకింత అని వచ్చే కూలితో ఇల్లు నడిపింది. ఏజెంటు అప్పుకు వడ్డీ కట్టింది. అత్తకు మందులు తెచ్చింది. బిడ్డ పెండ్లికి మాట తానే మాట్లాడింది. ఇంటి పెద్ద ఆమే. ఇప్పుడాయన వచ్చి "ఈ ఇల్లు నా చెమట, నా మాటే చెల్లాలి" అంటాడు. ఆమె "నేను లేకుంటే నీ పైసలు ఇటుక అయ్యేవా?" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. అక్కడే చిక్కు.

సిరిసిల్లలో దారి వేరు, గమ్యం అదే. సాంచెల మీద పని పగలు కొందరికి, రాత్రి కొందరికి. పని దొరకక కొందరు భివండీకి, సూరత్‌కు పోయి ఏళ్ళ తరబడి ఉండిపోయారు. అప్పు, తాగుడు ఉన్న ఇంట్లో మాట ముందు తగ్గుతుంది, తర్వాత చెయ్యి లేస్తుంది. పిల్లల పెండ్లిళ్ళు అయ్యేదాకా భరిస్తానని తల్లి మనసులో గడువు పెట్టుకొని ఉంటుంది. చివరి బిడ్డ పెండ్లి అయిన మరుసటి ఏడాది ఆ గడువు తీరుతుంది. పిల్లలకు అది పిడుగుపాటులాగా ఉంటుంది, ఆమెకు మాత్రం ఇరవై ఏళ్ళ కిందటే మొదలయిన సంగతి.

మన ప్రాంతంలో ఇలా విడిపోయేవారిలో చాలామంది కోర్టుకు పోరు. తల్లి పెద్దకొడుకు దగ్గరికో, బిడ్డ దగ్గరికో చేరుతుంది. తండ్రి పాత ఇంట్లోనే ఉండి తానే వండుకుంటాడు, లేక హోటలు నుంచి తెచ్చుకుంటాడు. కోర్టుకు వెళ్ళినవారికి సంబంధించి ఒక్క సంగతి తెలిసి ఉండాలి. క్రైస్తవుల విడాకులు ఇంకా 1869 నాటి చట్టం కిందే నడుస్తాయి. 2001లో దాన్ని సవరించి, ఇద్దరూ ఒప్పుకొని దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. అంతకుముందు భార్య విడాకులు కోరాలంటే భర్త వ్యభిచారం ఒక్కటే కాదు, దానితోబాటు క్రూరత్వమో, వదలిపెట్టి పోవడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. భర్తకు మాత్రం వ్యభిచారం ఒక్కటి చాలు. ఆ అన్యాయం నూటముప్పై ఏళ్ళు నడిచింది.

మరి శ్రీసభ ఏమంటుంది? ఇక్కడ మన విచారణల్లో చాలా తప్పుడు మాటలు వినబడుతున్నాయి. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

జ్ఞానవివాహ బంధం మరణం దాకా నిలిచేది. కోర్టు కాగితం దాన్ని తెంచలేదు. ఇది అందరికీ తెలుసు. తెలియని సంగతి ఏమిటంటే, బంధం నిలిచి ఉండగానే భార్యాభర్తలు వేరుగా నివసించడానికి శ్రీసభ చట్టమే వీలు కల్పించింది. 1151 నుంచి 1155 వరకు ఉన్న నిబంధనలు దీని గురించే. భాగస్వామి వలన శరీరానికో, ఆత్మకో, పిల్లలకో తీవ్రమైన ప్రమాదం ఉంటే వేరుపడవచ్చునని 1153వ నిబంధన చెపుతుంది. కారణం తొలగిపోయినప్పుడు మళ్ళీ కలవాలని కూడా చెపుతుంది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఇంకొక అడుగు ముందుకు వేసి, న్యాయమైన హక్కులకు, పిల్లల సంరక్షణకు, ఆస్తి రక్షణకు మరో దారి లేనప్పుడు కోర్టు విడాకులను సహించవచ్చుననీ, అది పాపం కాదనీ వివరించింది. 2016లో జగద్గురువులు ఫ్రాన్సిస్‌గారు కుటుంబ జీవితం మీద వెలువరించిన 'ఆమోరిస్ లేతీత్సియా' ప్రబోధంలో, బలహీనులను దౌర్జన్యం నుంచి కాపాడటానికి వేరుపడటం కొన్నిసార్లు నీతిపరంగానే అవసరమవుతుందని రాశారు.

కాబట్టి వేరుగా ఉంటున్న తల్లిగాని, కోర్టులో విడాకులు పొందిన తండ్రిగాని, మరో పెండ్లి చేసుకోనంతవరకు, ఆ ఒక్క కారణంతో దివ్యసత్ప్రసాదానికి దూరం కావలసిన పని లేదు. అందరిలాగే పాపసంకీర్తనం చేసుకొని, అందరిలాగే వరుసలో నిలబడి స్వీకరించవచ్చు. 1981లో జగద్గురువులు రెండవ జాన్ పౌల్‌గారి కాలం నుంచీ ఇంత స్పష్టంగా ఉన్న బోధ ఇది. అయినా మన గుళ్ళలో ఎందరో తల్లులు "నేను ఇడిసిపెట్టిన దాన్ని గదా ఫాదర్" అంటూ వెనుక బెంచీలో కూర్చుండిపోతున్నారు. వాళ్ళను అక్కడ కూర్చోబెట్టింది శ్రీసభ కాదు, పక్క బెంచీలో వాళ్ళ గుసగుసలు. అమ్మ అలా కూర్చుంటే ఆమె పిల్లలయినా ఈ సంగతి చెప్పి, చేయి పట్టుకొని వరుసలోకి తీసుకురావాలి. మళ్ళీ పెండ్లి చేసుకున్నవారి సంగతి వేరు. వాళ్ళు విచారణ గురువును కలిసి మాట్లాడాలి. వారు కూడా శ్రీసభ బిడ్డలే, గుడి తలుపు వారికీ తెరిచే ఉంటుంది.

ఇక పరిశుద్ధ గ్రంథంలోకి వెళదాం. చీలిన కుటుంబం గురించి వెతికితే ఆదికాండంలోనే దొరుకుతుంది. అబ్రహాము ఇంట్లో గొడవ వచ్చింది. హాగారుకు రొట్టె, నీళ్ళతిత్తి ఇచ్చి, కొడుకు యిష్మాయేలుతో సహా ఇంటి నుంచి పంపివేశాడు. ఎడారిలో నీళ్ళు అయిపోయి, బిడ్డ చావు చూడలేక ఆమె దూరంగా పోయి కూర్చుని ఏడ్చిన ఘట్టం 21వ అధ్యాయంలో ఉంది. దేవుడు ఆ పిల్లవాని మొర విన్నాడు. వాడు ఎడారిలో పెరిగి విలుకాడయ్యాడు. తల్లి ఐగుప్తు నుంచి పిల్లను తెచ్చి పెండ్లి చేసింది. తండ్రి ఆ పెండ్లికి వచ్చినట్లు గ్రంథంలో లేదు.

ఇప్పుడు 25వ అధ్యాయం 9వ వచనం తెరవండి. అబ్రహాము చనిపోయాడు. మక్ఫేలా గుహలో ఆయనను సమాధి చేసింది ఎవరు? ఈసాకు, యిష్మాయేలు ఇద్దరూ. ఎన్నోసార్లు చదివి దాటిపోయే మాట ఇది. ఇంటి నుంచి వెళ్ళగొట్టబడిన కొడుకు వచ్చాడు. ఇంట్లో ఉన్న కొడుకు పక్కన నిలబడ్డాడు. యిష్మాయేలు అమ్మకు జరిగిన అన్యాయం మరచిపోయాడని అక్కడ లేదు. ఈసాకు క్షమాపణ అడిగాడని కూడా లేదు. నాకు ఎప్పుడూ ఒక ఆలోచన వస్తుంది: ఎడారిలో ఉన్న యిష్మాయేలుకు తండ్రి చావు కబురు ఎవరు పంపి ఉంటారు? ఎవరో ఒకరు పంపారు. అన్నదమ్ముల మధ్య దారి పూర్తిగా పూడిపోలేదన్నమాట.

తల్లిదండ్రులు విడిపోయినప్పుడు మొదట నిలబెట్టుకోవలసింది ఆ దారినే. తల్లిదండ్రుల మధ్య పగులు చాలా ఇండ్లలో తోబుట్టువుల మధ్యకు దిగుతుంది. తల్లి దగ్గర ఉన్న అక్క తల్లి పక్షం. దుబాయిలో బాపుతో ఒకే గదిలో నాలుగేళ్ళు ఉండి, ఆయన కష్టం కళ్ళారా చూసిన తమ్ముడు తండ్రి పక్షం. అక్కకు తెలిసిన బాపు సెలవులో వచ్చి కేకలు వేసిన బాపు. తమ్ముడికి తెలిసిన బాపు నలభై అయిదు డిగ్రీల ఎండలో సెంట్రింగు పని చేసి, తాను పప్పు తిని ఇంటికి డబ్బు పంపిన బాపు. మనిషి ఒకడే. ఆ ఇద్దరూ ఒకరికి తెలిసింది ఒకరికి చెప్పుకుంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. చెప్పుకోకపోతే "నీకేం తెలుసు" అన్న మాటతో రాఖీ కూడా ఆగిపోతుంది.

కనుక పెద్ద పిల్లలు చేయవలసిన మొదటి పని తల్లిదండ్రులను కలపడం కాదు. తాము విడిపోకుండా ఉండటం. అవ్వ, బాపు లేకుండా, భార్యలు, భర్తలు లేకుండా, తోబుట్టువులు మాత్రమే ఒక పూట కూర్చోండి. దేశంలో లేనివాడిని ఫోనులో కూర్చోబెట్టండి. తప్పెవరిదని ఆ పూట తేల్చకండి. అవ్వ ఎక్కడ ఉంటుంది, బాపు అన్నం సంగతేమిటి, షుగరు మందులు ఎవరు తెస్తారు, దవాఖానకు ఎవరు తీసుకెళ్తారు - ఇవి మాట్లాడుకోండి.

రెండవది, కబురు మోయకండి. "మీ బాపుకు చెప్పు, నా పుస్తెలతాడు కుదువ విడిపించమని" అని అవ్వ అంటుంది. "మీ అవ్వకు చెప్పు, ఆ పట్టా కాగితం ఇయ్యమని" అని బాపు అంటాడు. ఒక్కసారి మోసిన కొడుకు జీవితాంతం తపాలా బంట్రోతే. పైగా కబురు చేదుగా ఉంటే తిట్టు కూడా తెచ్చినవాడికే. మర్యాదగా "అవ్వా, ఈ మాట నువ్వే చెప్పు, లేకుంటే పెద్దమనిషితో చెప్పించు. నేను నీ కొడుకును, ఆయనకూ కొడుకునే" అనండి. మొదటిసారి కోపం వస్తుంది. నాలుగోసారికి అడగడం మానేస్తారు.

తల్లిదండ్రులకు కూడా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. విడిపోయిన దంపతులు పిల్లలను బందీలుగా వాడుకోవద్దని జగద్గురువులు ఫ్రాన్సిస్‌గారు గట్టిగా హెచ్చరించారు. ఆయన మనసులో చిన్నపిల్లలు ఉండవచ్చు, కాని నలభై ఏళ్ళ కొడుకును కూడా బందీ చేయవచ్చు. "ఆయన ఇంటికి పోయినవా? అయితే నా ఇంటికి రాకు" అనడం అదే. మీ భర్త మీకు చేసిన గాయం నిజమే కావచ్చు. దాన్ని విచారణ గురువుకో, అక్కకో, నమ్మిన సిస్టరుకో చెప్పుకోండి. కన్నబిడ్డకు చెపితే, ఆ బిడ్డకు సగం రక్తం ఆయనదే గదా, ఆ మాట సగం ఆమెకే తగులుతుంది.

అయితే ఒకటి. చెయ్యి చేసుకున్న ఇంటి నుంచి, ప్రాణభయంతో బయటపడిన తల్లిని "పరువు పోతుంది, సర్దుకో" అని వెనక్కి పంపడం కుటుంబ ప్రేమ కాదు. అలా సర్దిచెప్పే పిల్లలున్నారు, పెద్దమనుషులున్నారు, విచారించకుండానే సలహా ఇచ్చే ఉపదేశులు కూడా అక్కడక్కడా ఉన్నారు. కలపడం మంచిదే, కాని ముందు ఆమె క్షేమంగా ఉండాలి. తాగుడు మానకుండా, మానడానికి ప్రయత్నమయినా మొదలుపెట్టకుండా ఇచ్చిన మాటకు విలువ లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. తల్లిదండ్రులను గౌరవించమన్న నాల్గవ ఆజ్ఞలో "వారు కలిసి ఉన్నంతవరకు" అన్న షరతు లేదు. దేశ చట్టం కూడా అలాగే ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, తనను తాను పోషించుకోలేని తల్లికైనా తండ్రికైనా ఎదిగిన కొడుకులు, కూతుళ్ళు పోషణ ఇవ్వాలి. ఇవ్వకపోతే రెవెన్యూ డివిజనల్ అధికారి దగ్గరి ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా అని చట్టంలో ఉంది. "మా అమ్మను విడిచిన ఆయనకు నేనెందుకు పెట్టాలి" అన్న వాదన అక్కడ చెల్లదు. తెలంగాణలో 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను కూడా ఉంది. భర్త నుంచి విడిపోయిన స్త్రీలు మండల కార్యాలయంలో అర్హత సంగతి అడిగి తెలుసుకోవాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నదో, బీడీ పని పి.ఎఫ్. కాగితాలు ఎక్కడున్నాయో ఇద్దరూ బతికి ఉండగానే తెలుసుకోండి. తర్వాత తెలుసుకోబోతే అన్నదమ్ములు కోర్టులో కలుసుకుంటారు.

కోడళ్ళను మరచిపోకూడదు. అత్త వచ్చి ఇంట్లో ఉంటుంది, మామకు క్యారేజీ పంపాలి, ఇద్దరి మాటా ఆమె చెవిన పడుతుంది. ఈ గొడవలో ఏ పాత్రా లేని మనిషి మీద ఎక్కువ పని పడుతుంది. క్యారేజీ కొడుకే తీసుకెళ్ళాలని నా అభిప్రాయం. వారానికి మూడుసార్లయినా సరే, కూర్చుని బాపుతోబాటు తానూ రెండు ముద్దలు తిని రావాలి. ఒంటరిగా వండుకునే మగమనిషికి కూర కన్నా ఆ పావుగంట ఎక్కువ కావాలి.

మనుమలు అడుగుతారు: "బాపమ్మ మనింట్ల ఉంటే తాత ఆడెందుకుంటుండు?" అబద్ధం చెప్పకండి, కథంతా చెప్పకండి. "ఇద్దరికీ కలిసి ఉంటే కొట్లాట అయితుంది, అందుకని వేరే ఉంటున్నరు. ఇద్దరికీ నువ్వంటే ఇష్టమే" అంటే చాలు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో జపమాల చివర పేర్లు తలచుకుంటారు గదా, అక్కడ తాత పేరూ బాపమ్మ పేరూ రెండూ రావాలి. పేరు వినగానే బాపమ్మ లేచి వంటింట్లోకి పోవచ్చు. పోనివ్వండి. పేరు మాత్రం మానకండి. పిల్లలు అదంతా చూస్తూనే ఉంటారు.

పండుగలకు ఏం చేయాలని కొందరు అడుగుతున్నారు. క్రిస్మస్ రాత్రి పూజకు ఇద్దరూ అదే గుడికి వస్తారు, మనవి పెద్ద విచారణలు కావు, మరో గుడి లేదు. ఇద్దరినీ ఒకే బెంచీలో కూర్చోబెట్టి ఊరంతటికీ చూపించాలన్న తాపత్రయం వద్దు. పూజ అయ్యాక మనుమలు తాత దగ్గరికి పరుగెత్తితే ఆపకుండా ఉంటే చాలు. మధ్యాహ్నం భోజనం ఒకచోట, రాత్రి భోజనం ఇంకొకచోట పెట్టుకోండి. నవంబరు 2న సమాధుల పండుగకు మాత్రం తాత ముత్తాతల సమాధుల దగ్గరికి తోబుట్టువులందరూ కలిసే వెళ్ళండి, ఎవరి పక్షం వాళ్ళయినా సరే.

అన్నిటికన్నా కష్టమైనది మనుమరాలి పెండ్లి. కోరుట్ల వైపు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇదే: పత్రిక మీద అత్తమామల పేర్లు ఎలా వేయించాలి, ముందు బెంచీలో ఎవరిని కూర్చోబెట్టాలి? పత్రిక మీద ఇద్దరి పేర్లూ వేయించండి, ఒకే వరుసలో కాకపోతే రెండు వరుసల్లో. ఫోటోలు ఇద్దరితో వేరువేరుగా తీయించండి, కలిసి నిలబడమని బలవంతం చేయకండి. పత్రిక ఇవ్వడానికి తాత ఇంటికి పెండ్లికూతురే స్వయంగా వెళ్ళాలి, తండ్రి చేతికిచ్చి పంపకూడదు. గుడిలో ముందు వరుసలో కుడి, ఎడమ రెండు బెంచీలున్నాయి. కుడి బెంచీ చివర తాతకు, ఎడమ బెంచీ చివర బాపమ్మకు చోటు ఉంచమని మీ విచారణ గురువుకు వారం ముందే చెప్పండి. కానుకలు పీఠం దగ్గరికి మోసుకొచ్చేటప్పుడు ఒకరి చేతికి రొట్టె పళ్ళెం, ఇంకొకరి చేతికి ద్రాక్షరసం ఇవ్వమని అడిగితే ఏ గురువూ కాదనడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే సుమా. ఒప్పుకోకపోతే ఆ పని మనుమలకు అప్పగించండి.